ఫ్యూయల్ సెల్ ఎలక్ట్రోడ్ లోపల: పది మైక్రోమీటర్ల పొర పనితీరును ఎలా శాసిస్తుంది?

2024 జనవరి 1న శ్రీహరికోట నుంచి ఎగిరిన పీఎస్‌ఎల్‌వీ-సీ58 రాకెట్టు ఎక్స్‌పోశాట్ ఉపగ్రహాన్ని కక్ష్యలో విడిచిపెట్టింది. ఆ తరువాత దాని నాలుగో దశను సుమారు 350 కిలోమీటర్ల ఎత్తుకు దించి ప్రయోగ వేదికగా మార్చారు. ఆ వేదిక మీద ఇస్రో పరీక్షించిన వాటిలో 100 వాట్ల తరగతికి చెందిన ఒక ఫ్యూయల్ సెల్ ఉంది. అధిక పీడన పాత్రల్లో నింపుకెళ్లిన హైడ్రోజన్, ఆక్సిజన్‌లతో అది 180 వాట్ల విద్యుత్తు ఇచ్చిందని ఇస్రో ప్రకటించింది. అదే ఏడాది ఫిబ్రవరిలో కొచ్చిన్ షిప్‌యార్డ్ కట్టిన ఫ్యూయల్ సెల్ పడవ నీటిలోకి దిగింది. లేహ్‌లో ఎన్‌టీపీసీ హైడ్రోజన్ బస్సులు వార్తల్లోకి వచ్చాయి.

ఇలాంటి వార్త ప్రతిదీ దాదాపు ఒకే వాక్యంతో ముగుస్తుంది: హైడ్రోజన్, ఆక్సిజన్ కలిసి విద్యుత్తునూ నీటినీ ఇస్తాయి. వాక్యం నిజమే. కానీ అవే వాయువులు, అదే ప్లాటినం, అదే పొర వాడిన రెండు సెల్‌లలో ఒకటి రెండోదానికంటే చాలా ఎక్కువ శక్తిని ఎందుకు ఇస్తుందో ఆ వాక్యం చెప్పదు. ఆ తేడాలో పెద్ద భాగం ఎలక్ట్రోడ్ నిర్మాణంలో ఉంటుంది. ఏ పదార్థం వాడారన్నది ఎంత ముఖ్యమో, ఆ పదార్థాల మధ్య ఖాళీని ఎలా మిగిల్చారన్నదీ అంతే ముఖ్యం.

ముందుగా సెల్‌లో ఏం జరుగుతుంది

తెలుగు పాఠ్యపుస్తకాల్లో ఇంధన ఘటం అని కనిపించే ఈ ఫ్యూయల్ సెల్‌లో చాలా రకాలు ఉన్నాయి. వాహనాల్లో ఎక్కువగా వాడేది ప్రోటాన్ వినిమయ పొర రకం. ఈ వ్యాసం దాని గురించే. మధ్యలో ఒక పలుచని ప్లాస్టిక్ పొర ఉంటుంది. అది ప్రోటాన్లను మాత్రమే పోనిస్తుంది. ఎలక్ట్రాన్లను పోనివ్వదు, వాయువులను దాదాపుగా పోనివ్వదు. పొరకు ఒకవైపు ఆనోడ్, మరోవైపు కాథోడ్ ఉంటాయి. ఆనోడ్ దగ్గర హైడ్రోజన్ విడిపోయి ప్రోటాన్లు, ఎలక్ట్రాన్లు పుడతాయి. ప్రోటాన్లు పొర గుండా, ఎలక్ట్రాన్లు బయటి తీగ గుండా ప్రయాణించి కాథోడ్ దగ్గర ఆక్సిజన్‌ను కలుస్తాయి. అక్కడ నీరు పుడుతుంది. తీగలో నడిచిన ఎలక్ట్రాన్లే మనకు దక్కే విద్యుత్తు.

రెండు వైపులా ఉత్ప్రేరకం ప్లాటినమే అయినా కష్టం రెండు వైపులా ఒకటి కాదు. హైడ్రోజన్ విడిపోవడం చాలా వేగంగా జరుగుతుంది కనుక, ఆనోడ్‌లో చదరపు సెంటీమీటరుకు 0.05 మిల్లీగ్రాముల ప్లాటినం ఉన్నా కొద్ది మిల్లీవోల్టులు మించి నష్టం రాదు. ఆక్సిజన్ అణువును మాత్రం విరవాలి, నాలుగు ప్రోటాన్లు, నాలుగు ఎలక్ట్రాన్లు అందించాలి, పుట్టిన నీటిని అక్కడి నుంచి తొలగించాలి. ఈ చర్య ఎంతో మందకొడిగా సాగుతుంది. అందుకే ఎలక్ట్రోడ్ నిర్మాణం గురించిన చర్చ ఎక్కువగా కాథోడ్ చుట్టూనే తిరుగుతుంది.

దీపపు వత్తి, మూడు ప్రావస్థల సరిహద్దు

ప్రమిదలో దీపం వెలిగించినప్పుడు వత్తి మొత్తం కాలదు. నూనెలో మునిగిన భాగానికి గాలి అందదు, నూనె పాకని భాగానికి ఇంధనం అందదు. వత్తి, నూనె, గాలి మూడూ కలిసే కొన దగ్గరే మంట నిలుస్తుంది. ఫ్యూయల్ సెల్ ఎలక్ట్రోడ్‌లోనూ చర్య జరిగే చోటు అలాంటిదే. ఎలక్ట్రాన్లను మోసే ఘనపదార్థం, ప్రోటాన్లను మోసే ఎలక్ట్రోలైటు, ఆక్సిజన్‌ను తెచ్చే వాయువు ఒకచోట కలవాలి, ఆ చోట ప్లాటినం ఉండాలి. దీన్నే మూడు ప్రావస్థల సరిహద్దు అంటారు. ప్లాటినం ఎంత ఉన్నా, ఆ సరిహద్దుకు అందని రేణువు ఉన్నా లేనట్టే.

ఫ్యూయల్ సెల్ చరిత్రలో చాలా భాగం ఈ సరిహద్దును పెంచుకుంటూ వచ్చిన చరిత్రే. 1839లో విలియం గ్రోవ్ హైడ్రోజన్, ఆక్సిజన్, ప్లాటినంతో విద్యుత్తు వచ్చే తీరును ప్రచురించారు. 1842 నాటి తన వాయు బ్యాటరీలో వాయువు, ద్రవం, ప్లాటినం మూడూ తాకే చోటే చర్య జరుగుతోందని ఆయన గుర్తించారు. అయితే ప్లాటినం రేకు ద్రవంలోకి దిగే చోట ఏర్పడేది సన్నని గీత మాత్రమే. ఆ గీతను విశాలమైన ఉపరితలంగా మార్చడం ఎలా అన్నదే తరువాతి వందేళ్ల ప్రశ్న.

దానికి ఒక చక్కని సమాధానం ఇచ్చినవారు బ్రిటిష్ ఇంజినీరు ఫ్రాన్సిస్ బేకన్. క్షార ద్రావణంతో పనిచేసే తన సెల్‌లో ఆయన నికెల్ ఎలక్ట్రోడ్‌ను రెండు పొరలుగా చేశారు. ద్రవం వైపు సన్నని రంధ్రాలు, వాయువు వైపు పెద్ద రంధ్రాలు ఉంచారు. వత్తిలోకి నూనె ఎగబాకినట్టే, సన్నని రంధ్రాలు కేశనాళికా బలంతో ద్రవాన్ని గట్టిగా పట్టుకుంటాయి. వాయువు పీడనాన్ని సరిగ్గా ఉంచితే పెద్ద రంధ్రాల్లోంచి ద్రవం వెనక్కి తప్పుకుంటుంది. అలా రెండు పొరలు కలిసే తలం పొడుగునా ద్రవం, వాయువు స్థిరంగా ఎదురెదురుగా నిలిచాయి. 1959లో ఆయన 5 కిలోవాట్ల యంత్రాన్ని ప్రదర్శించారు. ఆ ఆవిష్కరణే తరువాత అమెరికాలో అపోలో నౌకల ఫ్యూయల్ సెల్‌లకు ఆధారమైంది. ఇందులో పదార్థం మామూలు నికెలే. గెలిపించినది రంధ్రాల పరిమాణం.

గ్రాము ప్లాటినం ఎంత విశాలం కాగలదు

ఒక గ్రాము ప్లాటినాన్ని ఘనాకారపు ముక్కగా పోతపోస్తే, దాని భుజం 0.36 సెంటీమీటర్లు ఉంటుంది. ఆరు ముఖాల వైశాల్యం కలిపినా 0.78 చదరపు సెంటీమీటర్లే. అదే గ్రామును 3 నానోమీటర్ల వ్యాసం ఉన్న గోళాలుగా విడగొడితే మొత్తం వైశాల్యం సుమారు 93 చదరపు మీటర్లు అవుతుంది, అంటే దాదాపు 12 లక్షల రెట్లు. నిజమైన ఎలక్ట్రోడ్‌లో రేణువులన్నీ ఒకే పరిమాణంలో ఉండవు, కార్బన్‌ను తాకిన భాగం పనికిరాదు. కనుక గ్రాముకు 60 చదరపు మీటర్లు అనుకుని లెక్క వేద్దాం.

చదరపు సెంటీమీటరు ఎలక్ట్రోడ్ మీద 0.4 మిల్లీగ్రాముల ప్లాటినం ఉందనుకుంటే, దాని ఉపరితలం 240 చదరపు సెంటీమీటర్లు. పైనుంచి చూస్తే ఒక్క చదరపు సెంటీమీటరు, లోపల 240. ఈ నిష్పత్తిని గరుకుదనపు గుణకం అంటారు. ప్లాటినాన్ని 0.1 మిల్లీగ్రాములకు తగ్గిస్తే గుణకం 60కి పడిపోతుంది. ఈ రెండు సంఖ్యలు కింద మళ్లీ అవసరమవుతాయి.

ఇంత చిన్న రేణువులు వాటంతట అవి విడివిడిగా నిలవవు, ఒకదానికొకటి అతుక్కుని పెద్దవైపోతాయి. అందుకే వాటిని 20 నుంచి 40 నానోమీటర్ల కార్బన్ గింజల మీద అంటిస్తారు. ఎలక్ట్రాన్లకు దారి కార్బనే. ప్రోటాన్లకు దారి కావాలంటే, మధ్య పొరలో వాడిన లాంటి ప్రోటాన్ వాహక పాలిమర్‌నే కొన్ని నానోమీటర్ల పూతగా ఆ గింజల చుట్టూ చేర్చాలి. దాని పేరు అయనోమర్. 1980లలో చదరపు సెంటీమీటరుకు 4 మిల్లీగ్రాముల ప్లాటినం వాడేవారు. ఎలక్ట్రోడ్ లోపలికే అయనోమర్‌ను చేర్చడం నేర్చుకున్నాక, ముఖ్యంగా అమెరికాలోని లాస్ అలమోస్ ప్రయోగశాలలో జరిగిన పనివల్ల, ఆ పరిమాణం పదోవంతుకు దిగింది. అంతకుముందు ఉన్న ప్లాటినంలో చాలా భాగానికి ప్రోటాన్లే అందేవి కావు. ప్రోటాన్లకు దారి దొరకగానే అదీ పనిలోకి వచ్చింది.

పొరలో సగానికి పైగా ఖాళీయే

ప్లాటినం, కార్బన్, అయనోమర్ కలిసిన ఈ ఉత్ప్రేరక పొర మందం సుమారు 10 మైక్రోమీటర్లు. తల వెంట్రుక మందంలో ఆరో ఏడో వంతు. దాన్ని నమూనాగా విడదీసి చూద్దాం. చదరపు సెంటీమీటరుకు 0.4 మిల్లీగ్రాముల ప్లాటినం, 0.4 మిల్లీగ్రాముల కార్బన్, 0.32 మిల్లీగ్రాముల అయనోమర్ ఉన్నాయనుకుందాం. మూడింటినీ రంధ్రాలు లేకుండా అణిచి ఒకదాని మీద ఒకటి పేర్చితే కార్బన్ 2 మైక్రోమీటర్లు, అయనోమర్ 1.6 మైక్రోమీటర్లు, ప్లాటినం 0.2 మైక్రోమీటర్ల కంటే తక్కువ మందం వస్తుంది. మొత్తం 3.8. మిగిలిన 6.2 మైక్రోమీటర్లు ఖాళీ.

ఆ ఖాళీ వృథా కాదు. ఆక్సిజన్ లోపలికి వచ్చేదీ నీరు బయటికి పోయేదీ అందులోంచే. అంటే ఈ పలుచని మందంలో నాలుగు దారులు ఉండాలి: ఎలక్ట్రాన్లకు కార్బన్, ప్రోటాన్లకు అయనోమర్, ఆక్సిజన్‌కు ఖాళీ రంధ్రాలు, నీటికి మళ్లీ అవే రంధ్రాలు. ఒక దారిని వెడల్పు చేస్తే మరోటి ఇరుకవుతుంది. ప్రోటాన్లకు సులువు చేద్దామని అయనోమర్‌ను రెట్టింపు చేశామనుకోండి, అది 3.2 మైక్రోమీటర్లను ఆక్రమించి, ఖాళీ 4.6కు తగ్గుతుంది. పైగా అయనోమర్ నీటిని పీల్చి ఉబ్బుతుంది కనుక నడుస్తున్న సెల్‌లో ఖాళీ ఇంకా తక్కువే. అయనోమర్‌ను మరీ తగ్గిస్తే మధ్య పొరకు దూరంగా ఉన్న ప్లాటినానికి ప్రోటాన్లు అందవు. అందుకే ఘనపదార్థపు బరువులో సుమారు 30 శాతం అయనోమర్ దగ్గర మంచి ఫలితం వస్తుందని చాలాకాలంగా ఒక లెక్క వాడుకలో ఉంది. అది సూత్రం కాదు. కార్బన్ రకం, పాలిమర్ రకం, గాలిలోని తేమ మారితే ఆ అంకె కూడా మారుతుంది.

రంధ్రం పరిమాణం సంగతి కూడా చూడాలి. ఉత్ప్రేరక పొరలోని రంధ్రాల్లో చాలావాటి వెడల్పు 100 నానోమీటర్ల లోపే. మామూలు గాలిలో ఒక అణువు మరో అణువును ఢీకొనే ముందు ప్రయాణించే సగటు దూరం సుమారు 70 నానోమీటర్లు. కనుక ఈ రంధ్రాల్లో ఆక్సిజన్ అణువు తోటి అణువులను ఎంతగా ఢీకొంటుందో గోడలనూ అంతగా, ఇంకా సన్నని రంధ్రాల్లో అంతకంటే ఎక్కువగా ఢీకొంటుంది. విశాలమైన చోట కంటే ఇక్కడ వాయు వ్యాపనం నెమ్మదిస్తుంది.

నీరు నిండడానికి ఏడు సెకన్లు చాలు

చదరపు సెంటీమీటరుకు 1 ఆంపియర్ ప్రవాహం తీసుకుంటున్నప్పుడు, ఫారడే నియమం ప్రకారం సెకనుకు 0.093 మిల్లీగ్రాముల నీరు పుడుతుంది. పై నమూనాలో ఖాళీ 6.2 మైక్రోమీటర్లు, అంటే 0.62 మిల్లీగ్రాముల నీరు పట్టేంత చోటు. పుట్టిన నీరు ద్రవంగా మారి ఎటూ పోకుండా ఉంటే, ఆ చోటంతా నిండడానికి ఏడు సెకన్లు కూడా పట్టదు. ఆక్సిజన్ వాయువులో కంటే నీటిలో సుమారు పదివేల రెట్లు నెమ్మదిగా వ్యాపిస్తుంది కనుక, నిండిన రంధ్రం మూసుకుపోయిన రంధ్రంతో సమానం. ఇంజినీర్లు దీన్ని ముంపు అంటారు.

ముంపు రాకుండా చూసేది ఉత్ప్రేరక పొరకు వెనుక ఉండే వాయు వ్యాపన పొర. కార్బన్ పోగులతో చేసిన 150 నుంచి 300 మైక్రోమీటర్ల మందపు కాగితం అది. చేతిలోకి తీసుకుంటే నల్లగా, అట్టముక్కలాగా పెళుసుగా ఉంటుంది. వంచితే పుటుక్కున విరుగుతుంది. దానికి టెఫ్లాన్ పట్టించి ఉంటారు కనుక, మీద ఒక నీటి చుక్క వేస్తే తామరాకు మీద బొట్టులాగా గుండ్రంగా నిలిచి, కాస్త వంచగానే జారిపోతుంది. ఈ కాగితానికీ ఉత్ప్రేరక పొరకూ మధ్య, కార్బన్ పొడినీ టెఫ్లాన్‌నూ కలిపి చేసిన మరో పలుచని పూత ఉంటుంది. దాని పేరు సూక్ష్మరంధ్ర పొర. ఇది ఉన్న సెల్‌లు తడి పరిస్థితుల్లో మెరుగ్గా పనిచేస్తాయన్నది స్థిరపడిన విషయం. ఎందుకు పనిచేస్తాయన్నదే వివాదం.

ఒక వాదన ప్రకారం, నీటిని విదిలించే ఆ సన్నని రంధ్రాల్లోకి ద్రవం చొరబడాలంటే ఎక్కువ పీడనం కావాలి. అందువల్ల నీరు వెనక్కి, మధ్య పొర గుండా ఆనోడ్ వైపు నెట్టబడుతుంది. రెండో వాదన, నీరు వెనక్కి పోవడం కంటే బయటికి వచ్చే చోట్లు తగ్గడమే ముఖ్యమంటుంది: పూతలోని కొద్దిపాటి పగుళ్ల నుంచి మాత్రమే నీరు కార్బన్ కాగితంలోకి దిగుతుంది, మిగతా కాగితం పొడిగా ఉండి ఆక్సిజన్‌కు దారి ఇస్తుంది. మూడో వాదన వేడిని ముందుకు తెస్తుంది. ఉత్ప్రేరక పొర వేడిగా, వాయువును తెచ్చే కాలువల వైపు చల్లగా ఉండటం వల్ల నీరు ఆవిరిగానే బయటికి ప్రయాణిస్తుందని, ద్రవం పాత్ర అనుకున్నంత పెద్దది కాదని దాని సారాంశం. నడిచే సెల్ గుండా న్యూట్రాన్లనూ ఎక్స్-కిరణాలనూ పంపి తీసిన చిత్రాలు వచ్చాక రెండో, మూడో వాదనలకు బలం పెరిగిందనే నా అంచనా. 80 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఆవిరి మాట నిజమయ్యే అవకాశం ఎక్కువ. చలిలో మొదలయ్యే సెల్‌లో ద్రవం మాటే పైచేయి. ఏ పరిస్థితిలో కొలిచారో చెప్పకుండా ఏ వాదననూ గెలిపించలేం.

అంతరిక్షంలో ఈ చిక్కు మరో రూపం తీసుకుంటుంది. అక్కడ గాలి బదులు శుద్ధ ఆక్సిజన్ వాడతారు. గాలిలో ఆక్సిజన్ 21 శాతమే కనుక, అదే పీడనంలో ఆక్సిజన్ లభ్యత ఒక్కసారిగా దాదాపు అయిదింతలవుతుంది, నైట్రజన్ అడ్డూ ఉండదు. కానీ నీటి చుక్క కిందికి జారదు, ఎందుకంటే అక్కడ కింద అన్నదే లేదు. 1965లో జెమినై నౌకల్లో వాడిన పొర రకం సెల్‌ల నుంచి నీటిని తీయడానికి వత్తులనే అమర్చారు. లేహ్‌లో సంగతి ఇందుకు పూర్తిగా వ్యతిరేకం. దాదాపు 3,500 మీటర్ల ఎత్తులో గాలి పీడనం సముద్రమట్టంలో ఉన్నదానిలో మూడింట రెండువంతులకు కాస్త తక్కువ. ఎలక్ట్రోడ్ పనితీరు ఆక్సిజన్ పాక్షిక పీడనం మీద ఆధారపడుతుంది కనుక, కంప్రెసర్‌తో గాలిని నొక్కి పంపకపోతే ఆ పనితీరు కూడా కుంగుతుంది.

వోల్టేజి వక్రరేఖను చదవడం

సెల్ పనితీరును ఒక వక్రరేఖతో చూపుతారు. అడ్డంగా చదరపు సెంటీమీటరుకు ప్రవాహం, నిలువుగా వోల్టేజి. సిద్ధాంతపరంగా 25 డిగ్రీల దగ్గర రావలసిన వోల్టేజి 1.23. బాగా పనిచేసే సెల్ చదరపు సెంటీమీటరుకు 1 ఆంపియర్ దగ్గర సుమారు 0.65 వోల్టులు ఇస్తుందనుకుంటే, మిగతాది నష్టం. రేఖ మొదట్లో నిటారుగా పడిపోవడానికి కారణం ఆక్సిజన్ చర్య మందకొడితనం. ఆ భాగం ప్లాటినం ఉపరితలాన్ని చూపుతుంది. మధ్యలో వాలుగా సాగేది నిరోధం; ప్రోటాన్లు మధ్య పొరలోనూ అయనోమర్‌లోనూ ఎదుర్కొనే అడ్డంకి అది. చివర్లో రేఖ మళ్లీ కుప్పకూలేది ఆక్సిజన్ అందక. రంధ్రాల అమరిక ఇక్కడే బయటపడుతుంది.

కొత్త ఉత్ప్రేరకం గురించి వచ్చే ప్రకటనలు అయోమయం కలిగించేది ఇందుకే. ప్రయోగశాలల్లో ఉత్ప్రేరకాన్ని తరచుగా ఆమ్ల ద్రావణంలో తిరిగే చిన్న డిస్కు మీద, చాలా తక్కువ ప్రవాహం దగ్గర పరీక్షిస్తారు. అక్కడ కొలిచేది రేఖలోని మొదటి భాగాన్ని మాత్రమే. ఆ పరీక్షలో పది రెట్లు మెరుగైన పదార్థం, నిజమైన సెల్‌లో ఎక్కువ ప్రవాహం దగ్గర పాతదానితో సమానంగానే మిగలవచ్చు. పరీక్ష అబద్ధమని కాదు. చివరి భాగాన్ని శాసించే నిర్మాణం ఆ పరీక్షలో లేనే లేదు.

ప్లాటినం నాలుగోవంతుకు తగ్గిస్తే

ఇప్పుడు 240, 60 అనే సంఖ్యల దగ్గరికి వెళ్దాం. ప్లాటినం ఉపరితలం పదోవంతుకు తగ్గిన ప్రతిసారీ 80 డిగ్రీల దగ్గర సుమారు 70 మిల్లీవోల్టుల నష్టం వస్తుందని ఆక్సిజన్ చర్య గతిశాస్త్రం చెబుతుంది. నాలుగోవంతుకు తగ్గితే నష్టం 70 × 0.6, అంటే 42 మిల్లీవోల్టులు. ఉదాహరణకు 300 సెల్‌లను వరుసగా పేర్చిన యంత్రంలో ఒక్కో సెల్ వైశాల్యం 300 చదరపు సెంటీమీటర్లు, ప్రవాహం చదరపు సెంటీమీటరుకు 1.5 ఆంపియర్లు అనుకుంటే, మొత్తం 450 ఆంపియర్లు, 12.6 వోల్టులు, దాదాపు 5.7 కిలోవాట్లు పోతాయి. ప్లాటినం ఆదాతో పోల్చి చూస్తే భరించదగిన నష్టమే.

చిక్కేమిటంటే, ఎక్కువ ప్రవాహం దగ్గర కొలిచిన నష్టం ఈ 42 దగ్గర ఆగదు. చదరపు సెంటీమీటరు ఎలక్ట్రోడ్ నుంచి 1.5 ఆంపియర్లు రావాలంటే, గుణకం 240 ఉన్నప్పుడు చదరపు సెంటీమీటరు ప్లాటినం ఉపరితలం మోయవలసింది 6.25 మిల్లీఆంపియర్లు. గుణకం 60 అయినప్పుడు అదే ఉపరితలం 25 మిల్లీఆంపియర్లు మోయాలి. అంటే ఒక్కో రేణువు దగ్గరికి నాలుగింతల ఆక్సిజన్ చేరాలి, అదీ రేణువును కప్పిన అయనోమర్ పూత గుండా. పెళ్లి పందిట్లో వడ్డించేవాళ్లను నాలుగోవంతుకు తగ్గిస్తే, వంటలు ఎంత సమృద్ధిగా ఉన్నా వాళ్ల దగ్గర వరుస పేరుకుపోవడం లాంటిది ఇది.

ఈ చివరి నానోమీటర్ల నిరోధం అసలు ఎక్కడిదన్న దాని మీద పరిశోధకులు ఏకాభిప్రాయానికి రాలేదు. ముద్దగా ఉన్న అయనోమర్‌లో ఆక్సిజన్ ఎంత వేగంగా కదులుతుందో కొలిచి, ఆ అంకెతో కొన్ని నానోమీటర్ల పూతకు లెక్కకడితే వచ్చే నిరోధం, సెల్‌లో కనిపించే దానికంటే బాగా తక్కువ. ప్లాటినం మీద అయనోమర్‌లోని సల్ఫోనిక్ ఆమ్ల సమూహాలు గట్టిగా అతుక్కోవడంతో పూత అక్కడ బిగుసుకుపోయి, ముద్దలో కంటే దట్టంగా మారుతుందని ఒక వర్గం అంటుంది. పూత అన్నిచోట్లా ఒకే మందంలో ఉండదని, కొన్ని గింజలు గుత్తులుగా కలిసిపోయి మందపాటి అయనోమర్ కింద చిక్కుకుంటాయని, సగటు మందం వాడటంవల్లే లెక్క తప్పుతోందని మరో వర్గం వాదిస్తుంది. మొదటిది నిజమైతే మందు కొత్త పాలిమర్‌లో, రెండోది నిజమైతే పూత పూసే పద్ధతిలో ఉంటుంది. రెండింటికీ ప్రయోగాల మద్దతు ఉంది.

ప్లాటినం గింజ మీదా, గింజ లోపలా

సల్ఫోనిక్ సమూహాలు ప్లాటినానికి అతుక్కోవడం వల్ల ఆక్సిజన్ రాక తగ్గడమే కాకుండా, చర్య జరగవలసిన స్థలాలూ ఆక్రమణకు గురవుతాయి. ఈ సమస్యకు కార్బన్ గింజ నిర్మాణం నుంచే ఒక పరిష్కారం వచ్చింది.

వల్కన్ అనే కార్బన్ గింజలు దాదాపు గట్టి గుళ్లు. ప్లాటినం వాటి బయటి ఉపరితలం మీదే కూర్చుంటుంది. కెట్జెన్ బ్లాక్ గింజలు లోపల గుల్లగా, సన్నని రంధ్రాలతో ఉంటాయి. ప్లాటినంలో గణనీయమైన భాగం లోపలికి చేరుతుంది. అయనోమర్ గొలుసులు ఆ సన్నని రంధ్రాల్లోకి దూరలేవు. కనుక లోపలి ప్లాటినం అతుకుడు బారిన పడకుండా, తక్కువ ప్రవాహం దగ్గర బాగా పనిచేస్తుంది. నీటి పొర ద్వారా ప్రోటాన్లు ఎలాగో చేరతాయి. కానీ రంధ్రం నోరు మరీ ఇరుకైతే, ఎక్కువ ప్రవాహం దగ్గర ఆక్సిజన్, ప్రోటాన్లు రెండూ ఆలస్యమవుతాయి. గాలి పొడిగా ఉంటే లోపలి నీటి పొర కూడా సన్నగిల్లుతుంది. బయట ఉంటే అతుకుడు, లోపల ఉంటే ఇరుకు.

మధ్యేమార్గంగా వచ్చినవి మధ్యస్థ రంధ్రాల కార్బన్లు. వాటి రంధ్రాల నోళ్లు కొన్ని నానోమీటర్ల వెడల్పున ఉంటాయి. ఆక్సిజన్ సులువుగా దూరేంత పెద్దవి, అయనోమర్ దూరలేనంత చిన్నవి. టయోటా 2020లో తెచ్చిన రెండో తరం మిరాయ్ కారులో ఈ మార్గాన్నే అనుసరించింది. ఇక్కడ ప్లాటినం రసాయనశాస్త్రం మారకపోయినా, అది కూర్చునే గది ఆకారం మారడంతో పనితీరు మారింది. ఈ విషయం మొత్తంలో నాకు అన్నిటికంటే ముచ్చటగొలిపే భాగం ఇదే.

చిందరవందరగా ఉండాలా, వరుసగా ఉండాలా

ఇప్పటిదాకా చెప్పిన ఎలక్ట్రోడ్ సిరాలాగా తయారవుతుంది. ప్లాటినం పట్టించిన కార్బన్ పొడి, అయనోమర్, నీరు, ప్రొపనాల్ వంటి ఆల్కహాల్ కలిపి, బాగా చిలికి, పూతగా పూసి ఆరబెడతారు. కళ్లముందు కనిపించేది కాటుక లాంటి నల్లని ద్రవమే. లోపల మాత్రం, నీరు ఎక్కువా ఆల్కహాల్ ఎక్కువా అన్నదాన్ని బట్టి అయనోమర్ గొలుసులు ముడుచుకుంటాయి లేదా విచ్చుకుంటాయి. ఎంతసేపు చిలికారన్నదాన్ని బట్టి కార్బన్ గుత్తులు విడిపోతాయి. ఎంత త్వరగా ఆరిందన్నదాన్ని బట్టి పగుళ్లు పడతాయి. ఒకే కొలతలతో రెండు చోట్ల చేసిన పూతలు ఒకేలా పనిచేయకపోవడానికి ఇదే కారణం. హైదరాబాదు ప్రధాన కేంద్రంగా ఉన్న పరిశోధన సంస్థ ఏఆర్‌సీఐ, చెన్నైలోని తన ఫ్యూయల్ సెల్ కేంద్రంలో ఎలక్ట్రోడ్లనూ సెల్‌ల పేర్పులనూ దేశీయంగా తయారుచేయడం మీద పనిచేస్తోంది. కొనుక్కోగలిగిన పొడిని మంచి పూతగా మార్చే నేర్పు కొనుక్కుంటే వచ్చేది కాదు కాబట్టి ఆ పనికి విలువ ఉంది.

ఇలా చిందరవందరగా ఏర్పడే నిర్మాణానికి బదులు, వరుసగా నిలబెట్టిన నిర్మాణం మేలు కదా అన్నది సహజమైన ప్రశ్న. త్రీఎమ్ సంస్థ అలాంటి ఎలక్ట్రోడ్‌ను చేసి చూపింది. సేంద్రియ పదార్థపు అతి సన్నని మీసాలను నారుమడిలాగా దట్టంగా పెంచి, వాటి మీద ప్లాటినాన్ని పూత పోశారు. ఆ పొర మందం ఒక మైక్రోమీటరు కంటే తక్కువ. అందులో కార్బన్ లేదు, అయనోమర్ కూడా లేదు. అతుకుడు సమస్య లేకపోవడంతో ప్లాటినం ఉపరితలంలో ప్రతి చదరపు సెంటీమీటరూ చాలా చురుగ్గా పనిచేసింది. కార్బన్ లేదు కనుక అది తినుకుపోయే భయమూ లేదు.

అయితే నీరు అదే మొత్తంలో పుడుతుంది, దాన్ని పట్టే చోటు మాత్రం పదోవంతే. పైన వేసిన ఏడు సెకన్ల లెక్కను ఒక మైక్రోమీటరు పొరకు వేస్తే అది సెకనులోపే నిండిపోతుంది. చల్లగా ఉన్నప్పుడు, హఠాత్తుగా ప్రవాహం పెంచినప్పుడు ఈ ఎలక్ట్రోడ్లు ముంపుకు గురయ్యాయి. వరుస నిర్మాణాన్ని సమర్థించేవారు, ఆనోడ్ వైపు వ్యాపన పొరను మార్చి నీటిని అటు లాగితే సమస్య చాలావరకు తగ్గిందని చూపారు. చిందరవందర నిర్మాణాన్ని సమర్థించేవారు, చిన్నా పెద్దా రంధ్రాల మిశ్రమమే తడికీ పొడికీ తట్టుకునే ఓర్పు ఇస్తుందని, చిన్నవి నిండినా పెద్దవి గాలికి మిగులుతాయని అంటారు. బేకన్ రెండు పరిమాణాల రంధ్రాలు వాడిన తర్కం ఇందులో వినిపిస్తుంది.

నిర్మాణం వయసుతోపాటు మారుతుంది

కొత్త ఎలక్ట్రోడ్ ఎంత బాగున్నా, దాని నిర్మాణం అలాగే నిలవదు. ప్లాటినం చిన్న రేణువుల నుంచి కరిగి పెద్ద రేణువుల మీద చేరుతుంది. వాహనం వేగం పెరిగీ తగ్గీ వోల్టేజి ఊగిన ప్రతిసారీ ఇది కొంచెం కొంచెంగా జరుగుతుంది. ఇంకా తీవ్రమైనది కార్బన్ క్షయం.

బండి ఆపి రాత్రంతా ఉంచితే ఆనోడ్‌లోకి గాలి చేరుతుంది. ఉదయం హైడ్రోజన్ వదిలినప్పుడు, కొద్ది క్షణాలపాటు ఆనోడ్‌లో ముందు సగం హైడ్రోజన్‌తో, వెనుక సగం గాలితో ఉంటుంది. ఆ వెనుక సగానికి ఎదురుగా ఉన్న కాథోడ్ పొటెన్షియల్ 1.5 వోల్టుల దాకా ఎగబాకుతుంది. కార్బన్ ఆక్సీకరణ చెందడం సిద్ధాంతపరంగా 0.207 వోల్టుల దగ్గరే మొదలుకావచ్చు. మామూలుగా అది అతి నెమ్మది కనుక సెల్ బతికి బట్టకడుతుంది. 1.5 దగ్గర మాత్రం కార్బన్ వేగంగా కార్బన్ డయాక్సైడ్‌గా మారిపోతుంది. స్తంభాలు కాలిపోయిన ఇంటిలాగా పొర కూలి పలుచనవుతుంది, రంధ్రాలు మూసుకుంటాయి, మిగిలిన కార్బన్ ఉపరితలం నీటిని విదిలించడం మాని పీల్చుకోవడం మొదలుపెడుతుంది. ప్లాటినం పోయినది కొంతే అయినా, ఆక్సిజన్‌కు దారి పోవడంతో వక్రరేఖ చివరి భాగం కుప్పకూలుతుంది.

గ్రాఫైట్‌లాగా అమరిన కార్బన్ ఈ దాడిని బాగా తట్టుకుంటుంది. కానీ దాని ఉపరితలం నునుపు, రంధ్రాలు తక్కువ; ప్లాటినం సన్నగా పట్టుకుని ఉండే చోట్లూ తక్కువే. అందుకే కొందరు పదార్థాన్ని మార్చడం కంటే, ఆపేటప్పుడూ మొదలుపెట్టేటప్పుడూ వోల్టేజిని అదుపు చేసే నియంత్రణ వ్యవస్థే మేలంటారు. కారుకు కొన్ని వేల గంటలు నడిస్తే సరిపోతుంది కనుక ఆ వాదనకు బలముంది. భారీ ట్రక్కులకు అమెరికా ఇంధన శాఖ కార్యక్రమం పెట్టుకున్న లక్ష్యం 25,000 గంటలు, ప్లాటినం మొత్తం చదరపు సెంటీమీటరుకు 0.3 మిల్లీగ్రాములు. ఇది కార్ల కోసం లక్ష్యంగా పెట్టుకున్న 0.125 కంటే రెట్టింపునకు పైనే. కార్ల కోసం ఏళ్ల తరబడి తగ్గించుకుంటూ వచ్చిన ప్లాటినాన్ని ట్రక్కుల కోసం మళ్లీ పెంచడానికి ఒప్పుకున్నది, గరుకుదనపు గుణకం తొలిరోజున ఎంత ఉందన్నది కాక, 25,000వ గంట దగ్గర ఎంత మిగులుతుందన్నది లెక్కలోకి వచ్చినందువల్లే.